రాధిక పేరు మీద నడిచిన నలభై నాలుగు నిమిషాలు

తేదీ 19-07-2025, శనివారం. ఉదయం 11.40కి మొదలుపెట్టి, ఎస్.ఐ. షెకీనా గారి ముందు చెప్పగా రాసుకున్నది.

నా పేరు కొండూరు స్వర్ణలత. భర్త పేరు విజయేందర్. వయసు నలభై ఎనిమిదేళ్లు. నేరేడ్‌మెట్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాము. నా పని కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం. తొమ్మిదేళ్లుగా తిరుమలగిరి లాల్‌బజార్‌లో, టైలర్ షాపు పైన ఉన్న "ఒక్క ఫోన్" రక్తదాతల సంఘం ఆఫీసులో పనిచేస్తున్నాను.

నన్ను సాక్షిగా పిలిచారు. మొన్న గురువారం, అంటే జులై 17న, ఫిర్యాదు ఇచ్చిన ఆశీష్ గారి భార్య నవనీత గారికి కాన్పు తర్వాత రక్తం అందడం ఆలస్యమైంది. దానికి మా ఆఫీసులో పనిచేసే రాధిక రాసిన ప్రోగ్రామే కారణమా కాదా చెప్పమని నన్ను పిలిచారు. ఈ ఉదయం పది గంటలకు ఒకసారి చెప్పాను. కారణం రాధికే అని చెప్పాను. ఆ కాగితాన్ని ఎస్.ఐ. గారు చించేయలేదు, పక్కన పెట్టారు. ఇది రెండో కాగితం. మొదటి దాంట్లో నా పేరు, వయసు, ఇంటి చిరునామా మాత్రమే నిజం.

మా ప్రోగ్రాం ఏం చేస్తుందో ముందు చెప్పాలి. ఆసుపత్రి నుంచి ఫలానా గ్రూపు రక్తం కావాలని ఫోన్ వస్తుంది. ఆపరేటర్ మేబెల్ ఆ వివరాలు కంప్యూటర్‌లో కొడుతుంది. దాతల్లో ముందు ఎవరిని పిలవాలి, తర్వాత ఎవరిని అని ప్రోగ్రాం వరస కడుతుంది. ఆ వరస ప్రకారం మిషనే దాతలకు ఫోన్ చేసి, రికార్డు చేసిన మేబెల్ గొంతు వినిపిస్తుంది. వస్తానన్నవాళ్లు ఒకటి నొక్కుతారు. ఆఫీసులో గంట మోగుతుంది. గోడమీది పెద్ద తెర మీద ఆ పేరు పచ్చగా మారుతుంది. మేబెల్ ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ పేరు చెబుతుంది. రక్తం అమ్ముకునే దళారులు దూరతారని, మేము చెప్పిన పేరు గల మనిషిని తప్ప ఆ ఆసుపత్రి రక్తనిధి వాళ్లు ఎవరినీ లోపలికి రానివ్వరు. ఆ పద్ధతి పెట్టమన్నది మేమే.

ఈ ప్రోగ్రాంను ఆపకూడదు. ఆపితే ఫోన్ లైన్లన్నీ తెగిపోయి మళ్లీ కలవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అందుకని వరస కట్టే భాగాన్ని విడిగా ఇంకో ఫైల్‌లో పెట్టాను. దాన్ని మాడ్యూల్ అంటాము. పైథాన్ అనే భాషలో ఒక సౌకర్యం ఉంది. పేరు చెబితే చాలు, నడుస్తున్న ప్రోగ్రాం ఆ పేరు గల మాడ్యూల్‌ను వెతికి తెచ్చుకుంటుంది. ఫైల్‌లో ఏమైనా మార్చి "రీలోడ్" నొక్కితే, ఆగకుండానే మళ్లీ కొత్తగా చదువుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఉండేది ఒకే ఒక్క పేరు. ఆ రోజు ఎవరి పేరుంటే వాళ్ల మాడ్యూలే వరస కడుతుంది.

"అంటే మా డ్యూటీ రోస్టర్ లెక్క గదా. పేరు మారిస్తే మనిషి మారుతడు," అన్నారు ఎస్.ఐ. గారు. అంతే అన్నాను.

మాడ్యూల్‌కు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మా కార్యదర్శి పురుషోత్తం గారు మాత్రం మొదటి రోజే ఒక నియమం పెట్టారు. "ఎవరు రాస్తే వాళ్ల పేరే పెట్టాలె. రేపెప్పుడన్న లొల్లి వస్తే ఎవర్ని అడగాల్నో తెలుస్తది," అన్నారు. అందుకని నేను రాసిన మాడ్యూల్ పేరు స్వర్ణలత. గోడమీది తెర పైభాగంలో జానెడు అక్షరాలతో "నడుస్తున్నది: స్వర్ణలత" అని ఉండేది. పురుషోత్తం గారు పొద్దున మెట్లెక్కుతూనే, "స్వర్ణలత నడుస్తుందా?" అని అడిగేవారు. "నడుస్తుంది సార్," అని మేబెల్ చెప్పేది. నేను అక్కడే కూర్చుని ఉండేదాన్ని. తొమ్మిదేళ్లు, ప్రతి పొద్దునా ఆ మాట విన్నాను. మా ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు.

ఆ మాడ్యూల్‌లో పదకొండు వందల వరసలు, అంటే కోడ్ లైన్లు, ఉన్నాయి. వాటిలో చాలా వరకు లెక్కలు కావు, మనుషుల గురించి నాకు తెలిసిన విషయాలు. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండే బ్రహ్మచారి గారిది ఓ నెగెటివ్. ఆయన రైలింజన్ల షెడ్డులో పనిలో ఉంటే ఫోన్ చప్పుడు వినిపించదు, అప్పుడు పక్కింటి అనసూయమ్మ గారికి చేయాలి, ఆమె వెళ్లి పిలుస్తుంది. పగటి పూట నేరేడ్‌మెట్ వైపు కావాలంటే అందరికంటే ముందు ఆయన్నే పిలవాలి, ఎందుకంటే లోపలి దారి ఆయనకు తెలుసు. ఇలాంటివి రెండు వందల పన్నెండు మంది గురించి రాశాను. కొందరి ఇళ్లకు వెళ్లి కూర్చుని, చాయ్ తాగి, అడిగి తెలుసుకుని రాశాను.

ఈ ఫిబ్రవరి 10న రాధిక ఉద్యోగంలో చేరింది. వయసు ఇరవై ఏడు. వాళ్లది భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నన్ను మొదటి రోజే "ఆంటీ" అంది. పురుషోత్తం గారు నాకంటే పదేళ్లు పెద్ద, ఆయన్ను "సార్" అంది. ఆమె కీబోర్డు వైపు చూడకుండా కొడుతుంది. మేబెల్‌తో మాట్లాడుతూ, నవ్వుతూ, కిటికీలోంచి చూస్తూ కొడుతుంది. నేను చూసే కొడతాను.

ఫిబ్రవరి 24న ఆమె మాడ్యూల్‌ను మొదటిసారి పెట్టారు. సెట్టింగ్స్‌లో నా పేరు తీసి ఆమె పేరు రాసే పని నాకే చెప్పారు. రాశాను. రీలోడ్ నొక్కాను. తెర మీద "నడుస్తున్నది: రాధిక" అని వచ్చింది. నా పేరులో నాలుగు అక్షరాలు, ఆమె పేరులో మూడే కాబట్టి పక్కన కొంచెం ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది.

నా మాడ్యూల్ నడిచినప్పుడు దాత దొరకడానికి సగటున ఇరవై ఆరు నిమిషాలు పట్టేది. రాధిక వచ్చాక పదకొండు నిమిషాలు. మేబెల్ ఈ రెండు అంకెలను బోర్డు మీద పక్కపక్కన రాసి, పదకొండు చుట్టూ ఎర్ర చాక్‌పీసుతో సున్నా చుట్టింది. దాన్ని ఎవరూ తుడవలేదు. నేను ఒకరోజు బోర్డు దుమ్ము దులుపుతున్నట్టు ఇరవై ఆరు మీద గుడ్డ వేశాను. మర్నాటికి మేబెల్ మళ్లీ రాసింది. "పోయింది మేడమ్, మళ్ల రాసిన," అంది, మంచి పని చేసినట్టు.

మార్చి నుంచి పురుషోత్తం గారు మెట్లెక్కుతూ, "రాధిక నడుస్తుందా?" అని అడగడం షురూ చేశారు. ఏప్రిల్‌లో ఒక సుబేదారు గారి భార్య, ఆయనకు వేళకు రక్తం అందిందని మిఠాయి పెట్టె తెచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇక్కడ రాధిక గారంటే ఎవరు?" అని అడిగింది. నేను ఎదురుగా ఉన్నాను. వేలు పెట్టి చూపించాను. రాధిక ఆ పెట్టె తెరిచి మొదటి ముక్క నాకే ఇచ్చింది. తీసుకున్నాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి పారేసి నీళ్లు పోశాను. నాకు ఆమె మీద అసూయ. ఈ మాట ఎస్.ఐ. గారు అడగలేదు. నేనే రాయమన్నాను.

జూన్ 12న మీటింగు జరిగింది. రాధిక తెర ముందు నిలబడి ఏదో మార్పు గురించి చెప్పింది. పురుషోత్తం గారు ఎన్నిసార్లు "శభాష్ బిడ్డా" అంటారోనని నేను నోట్‌బుక్ చివర గీతలు పెడుతూ కూర్చున్నాను. ఏడు గీతలు. రాధిక చెప్పింది నా చెవికెక్కలేదు. అదేమిటో తర్వాత వస్తుంది.

ఇక గురువారం సంగతి. సికింద్రాబాద్ లష్కర్ బోనాలు అయిన నాలుగో రోజు. వరంగల్‌లో కూడా ఇలాంటి సంఘం పెట్టుకోవాలని అక్కడి నుంచి ఇద్దరు డాక్టర్లు మా ప్రోగ్రాం చూడటానికి రైల్లో వస్తున్నారు. పన్నెండు గంటలకు వాళ్లకు చూపించాలి. ఎవరు వచ్చినా స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చేది నేను. తొమ్మిదేళ్లుగా నేనే. ఆ రోజు పది నలభైకి పురుషోత్తం గారు కారు తాళం తీసుకుని, "రాధికా, నువ్వు రా బిడ్డా. వచ్చేటప్పుడు తొవ్వల వాళ్లకు జెర సమజ్ చేసి చెప్పొచ్చు," అన్నారు. రాధిక ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగి, "ఆంటీ, మీరూ రండి. మీరు చెబితేనే బాగుంటుందండీ," అంది. కారులో చోటు లేదని అన్నాను. ఐదుగురికి సరిపోయే కారు అది.

వాళ్లు వెళ్లాక తెర వైపు చూస్తూ కూర్చున్నాను. నడుస్తున్నది రాధిక. మేబెల్ చాయ్ పెట్టింది. నా స్టీలు గ్లాసు రాధిక బల్ల మీద ఉంది. ముందు రోజు నుంచి అక్కడే ఉంది.

11.08కి రాధిక మాడ్యూల్ ఫైల్ తెరిచాను. దాన్ని నా డెస్క్‌టాప్ మీద ఒక కాపీ పెట్టుకున్నాను. తర్వాత ఫైల్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా చెరిపేశాను. చదవలేదు. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఆమె రాసింది చదవలేదు, ఒళ్లు మండేది. ఆ చోట నేను ఎనిమిది వరసలు రాశాను. అందరికంటే దూరంగా ఉన్న దాత ముందు రావాలి, దగ్గరి వాళ్లు చివర రావాలి. ఇంతే దాని పని. రీలోడ్ నొక్కాను. తెర మీద పేరు మారలేదు. ఎందుకు మారుతుంది, ఫైల్ పేరు రాధికే కదా.

డాక్టర్ల ముందు తప్పు వరస రావాలి. మౌలాలిలో రక్తం కావాలంటే పటాన్‌చెరు మనిషి పేరు రావాలి. పురుషోత్తం గారు తల దించుకోవాలి. అప్పుడు నేను లేచి, "ఒక్క నిమిషం సార్," అని సెట్టింగ్స్‌లో నా పేరు రాసి రీలోడ్ నొక్కాలి. ఇది నా ఆలోచన. నిజంగా ఎవరికైనా రక్తం అవసరమైతే ఏమిటని ఆలోచించలేదు. గంటసేపటి పనే కదా అనుకున్నాను.

నాలుగు నిమిషాల తర్వాత, 11.12కి, నేరేడ్‌మెట్‌లోని ఒక నర్సింగ్‌హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. కాన్పు అయింది, బిడ్డ బాగుంది, తల్లికి రక్తస్రావం ఆగడం లేదు, ఓ నెగెటివ్ నిల్వ అయిపోయింది అన్నారు. మేబెల్ వివరాలు కొట్టింది. తెర మీద వరస వచ్చింది. మొదటి పేరు విష్ణువర్ధన్. ఆయన ఉండేది పటాన్‌చెరు దాటాక. తెర మీద ఊరు కనిపించదు, పేరు మాత్రమే కనిపిస్తుంది. మేబెల్‌కు తెలియదు. నాకు రెండు వందల పన్నెండు మంది ఇళ్లూ తెలుసు.

11.14కి గంట మోగింది. మొదటి పేరు పచ్చగా మారింది. మేబెల్ నర్సింగ్‌హోమ్‌కు ఫోన్ చేసి, "విష్ణువర్ధన్ అని వస్తున్నడు సిస్టర్, రెండు నిమిషాలల్లనే ఓకే అన్నడు," అని చెప్పింది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "చూశిన్రా మేడమ్, ఎంత ఫాస్టో మన రాధిక!" అంది.

అప్పుడే చెప్పాల్సింది. ఆయన రావడానికి గంటన్నర పడుతుందని, వేరే వాళ్లను పిలవమని చెప్పాల్సింది. నోరు తెరిచాను. మన రాధిక అన్న మాట చెవిలో ఉంది. నోరు మూసుకున్నాను. మిగతా దాతలను నేనే రహస్యంగా పిలుస్తానని సెల్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. బ్రహ్మచారి గారి నంబరు కొట్టాను. బిజీ అని వచ్చింది. మళ్లీ కొట్టలేదు.

11.36కి ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగింది. మేబెల్ ఇంకో లైన్‌లో ఉంది, అందుకని నేను ఎత్తాను. బ్రహ్మచారి గారు.

"స్వర్ణలతమ్మా, నేను రక్తనిధి గేటు కాడ ఉన్న. ఇస్కూటర్ మీద ఉరుక్కుంట వచ్చిన. వీళ్లు నీ పేరు లేదు, ఎవరో విష్ణువర్ధన్ పేరు చెప్పిన్రు అని లోపలికి రానిస్తలేరు. మీ మిషన్ నాకే గదమ్మా ఫోన్ చేసింది. ఒకటి నొక్కిన గూడ."

ఒక్క క్షణంలో నాకు అంతా అర్థమైంది. జూన్ 12న రాధిక ఏం చెప్పిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చెబుతుంటే నేను గీతలు పెడుతున్నా, చెవిలో ఎక్కడో పడి ఉండాలి. "తెర వైపు ప్రతిసారీ పేరుపెట్టి మాడ్యూల్‌ను అడుగుతుందండీ, కాబట్టి రీలోడ్ చేస్తే కొత్తది వస్తుంది. ఫోన్ వైపు మాత్రం వేగం కోసం వరస కట్టే పనిని ఒకసారే తీసుకుని దగ్గర పెట్టుకుంటుంది. దానికి రీలోడ్ పట్టదు. ఏదైనా మారిస్తే మొత్తం ఆపి మొదలుపెట్టాలండీ." ఇదీ ఆమె చెప్పింది.

ఎస్.ఐ. గారికి రోస్టర్ మాటతోనే చెప్పాను. గోడమీద రోస్టర్ మార్చారు. గోడ చూసేవాళ్లకు కొత్త పేరు కనిపిస్తుంది. నిన్నటి రోస్టర్ జేబులో పెట్టుకున్న కానిస్టేబుల్ మాత్రం దాన్నే చూసుకుని పాత మనిషిని పిలుస్తాడు. ఇక్కడ తెర గోడ లాంటిది, ఫోన్ జేబు లాంటిది. తెర నా ఎనిమిది వరసలు చదివింది. ఫోన్ మాత్రం రాధిక రాసిన అసలు వరసే పట్టుకుని, ముందుగా బ్రహ్మచారి గారికి చేసింది. మొదటి మనిషి ఒప్పుకున్నాడని ఫోన్ చెప్పింది. తెర తన దగ్గరున్న మొదటి పేరును పచ్చగా చేసింది. మేబెల్ ఆ పేరు చదివింది.

అంటే నేను పాడుచేసినా రాధిక పని చేసుకుపోయింది. రెండు నిమిషాల్లో సరైన మనిషిని పట్టుకుంది. ఆ మనిషి ఇరవై రెండు నిమిషాల్లోపే గేటు దగ్గరికి వచ్చాడు. నేను నర్సింగ్‌హోమ్‌కు ఒక్క మాట చెబితే చాలు. విష్ణువర్ధన్ కాదు, బ్రహ్మచారి అని. ఒక్క పేరు.

ఆ పేరు చెబితే, ఫోన్ సరైన మనిషికి వెళ్లిందని తెలుస్తుంది. తెర ఎందుకు తప్పు చూపించిందని అడుగుతారు. రాధిక గెలుస్తుంది. ఇవన్నీ నేను ఆ క్షణంలో ఆలోచించాను. ఆలోచించలేదని ఈ ఉదయం చెప్పింది అబద్ధం.

"జెర ఆగండి బ్రహ్మచారి గారూ, కనుక్కుని చెప్తా," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

"నువ్వు చెప్పేదాకా ఈడనే ఉంటనమ్మా," అన్న మాట సగం వినిపించింది.

11.36 నుంచి 11.52 వరకు నేను నా కుర్చీలో కూర్చున్నాను. ఏమీ చేయలేదు. రాధిక బల్ల మీదున్న నా గ్లాసు తెచ్చుకుని కడిగాను. తుడిచాను. మళ్లీ కడిగాను.

11.50కి కింద కారు ఆగిన చప్పుడు వినిపించింది. డెస్క్‌టాప్ మీది కాపీని తిరిగి ఫైల్‌లో పెట్టి, 11.52కి రీలోడ్ నొక్కాను. అదే సమయానికి మేబెల్, విష్ణువర్ధన్ ఎంతవరకు వచ్చాడో కనుక్కుందామని ఆయన సెల్‌కు ఫోన్ చేసింది. "నాకెవ్వరు ఫోన్ చేయలే మేడమ్, నేను డ్యూటీల ఉన్న," అన్నాడాయన. మేబెల్ కుర్చీ లోంచి లేచి, "యేసయ్యా!" అని అరిచింది. రాధిక అప్పుడే లోపలికి వస్తోంది. వెనక డాక్టర్లు ఉన్నారు. ఆమె వాళ్లను వదిలేసి నిలబడే ల్యాప్‌టాప్ తెరిచింది, ఫోన్ల చిట్టా చూసింది. "కాల్ బ్రహ్మచారి గారికి వెళ్లిందండీ, ఆయన ఒప్పుకున్నారు, ఆయన పేరు చెప్పండి, ముందు ఆయన పేరు చెప్పండి," అంది. 11.54కి మేబెల్ ఆ పేరు చెప్పింది. నేను పదహారు నిమిషాలు పట్టుకుని కూర్చున్న పేరు రాధిక నిమిషంలో చెప్పింది.

బ్రహ్మచారి గారు గేటు ఎదురుగా ఎండలో నిలబడి ఉన్నారట. లోపలికి తీసుకున్నారు. రక్తం తీసి, పరీక్షలు చేసి, ఆపరేషన్ థియేటర్‌కు చేర్చేసరికి 1.12 అయింది. నవనీత గారి ప్రాణం కాపాడటానికి డాక్టర్లు 12.58కే ఆమె గర్భసంచి తీసేశారు. ఆమె వయసు ఇరవై నాలుగు. మొదటి కాన్పు. ఆడపిల్ల. ఇంకో పావుగంట ముందు రక్తం వచ్చి ఉంటే తీయాల్సిన పని ఉండేది కాదని డాక్టరు గారు ఆశీష్ గారితో అన్నారు. 12.58కి, 1.12కి మధ్య పద్నాలుగు నిమిషాలు. నేను కూర్చున్నవి పదహారు. ఈ లెక్క ఎవరూ నన్ను చేయమనలేదు. రెండు రోజులుగా అదే లెక్క వేస్తున్నాను.

ఆశీష్ గారు ఫిర్యాదు చేశారు. పోలీసులు మా రికార్డు తీసుకున్నారు. మా రికార్డులో మాడ్యూల్ పేరు తప్ప, బటన్ నొక్కిన మనిషి పేరు ఉండదు. 11.08కి రీలోడ్, రాధిక. 11.52కి రీలోడ్, రాధిక. ల్యాప్‌టాప్ ఆమె దగ్గరే ఉంది, కారులోంచి కూడా చేయవచ్చు. లొల్లి వస్తే ఎవరిని అడగాలో తెలియాలని పెట్టిన నియమం ప్రకారం, అందరూ ఆమెనే అడిగారు. ఆమె తనకు తెలియదంది. తర్వాత, తానే ఏదో తప్పు రాసి ఉంటానని ఏడ్చింది. నిన్నంతా, ఈ రోజు కూడా ఆమె ఈ స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నేను లోపలికి వస్తుంటే లేచి నిలబడి, "ఆంటీ, ఫోన్ వైపు అలా పట్టుకోవడం నా తప్పేనండీ, ఒకసారి మిమ్మల్ని అడిగి చేయాల్సింది," అంది.

నేను లోపలికి వచ్చి సరిగ్గా ఆ మాటే చెప్పాను. వేగం కోసం ఆమె అడ్డదారి తొక్కిందని, అందుకే తెర ఒకటి, ఫోన్ ఒకటి చూపించాయని, ఇది అనుభవం లేనితనమని చెప్పాను. ఎస్.ఐ. గారు రాసుకున్నారు. నా పేరు పక్కన "సీనియర్" అని కూడా రాశారు. నాకు బాగా అనిపించింది. ఇది కూడా రాయమన్నాను.

తర్వాత ఎస్.ఐ. గారు రాధిక ల్యాప్‌టాప్‌లో దొరికిన అసలు మాడ్యూల్‌ను కాగితం మీద ప్రింట్ తీసి నా ముందు పెట్టారు. "నాకు ఈ ఇంగ్లిష్ కోడింగ్ తెల్వది. కానీ ఇదేందమ్మా, ఈడ మీ పేరున్నది గదా?" అని రెండో వరస మీద పెన్ను పెట్టారు.

చూశాను. మొదటిసారి చదివాను. రాధిక మాడ్యూల్ అన్నిటికంటే ముందు చేసే పని, స్వర్ణలత అనే మాడ్యూల్‌ను పేరుపెట్టి పిలవడం. వరస కట్టమని నా మాడ్యూల్‌నే అడుగుతుంది. నేను కట్టి ఇచ్చిన వరస తీసుకుని, ఆ పూట ఫోన్ ఎత్తేవాళ్లు ఎవరో చూసి, కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఆమె రాసింది మొత్తం అరవై వరసలు. నా పదకొండు వందల వరసలు ఎక్కడికీ పోలేదు. పక్కన ఒక గమనిక రాసి ఉంది. "మనుషుల సంగతులు ఆంటీకే తెలుసు. అవి ముట్టుకోకూడదు. మీటింగులో ఆంటీ పేరు కూడా తెర మీద పెట్టమని అడగాలి." గమనిక తేదీ జూన్ 12.

పగటి పూట నేరేడ్‌మెట్ వైపు అందరికంటే ముందు బ్రహ్మచారి గారిని పిలవాలన్నది తొమ్మిదేళ్ల కింద నేను రాసిన వరస. గురువారం ఫోన్ ఆయనకు వెళ్లింది దానివల్లే. ఐదు నెలలుగా నేను ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆ పదకొండు నిమిషాల్లో నేనూ ఉన్నాను. గేటు దగ్గర నిలబడిన మనిషి నేను పంపిన మనిషి. ఆయన్ను ఆగండి అన్నదీ నేనే.

ఎస్.ఐ. గారు మంచినీళ్లు ఇచ్చారు. "మీరు సాక్షిగా వచ్చిన్రు. మీ మీద మీరే చెప్పుకుంటున్నరు. పోలీసుల ముందు ఒప్పుకున్నది మీకు ఎదురుగా కోర్టుల నిలవది, తెలుసా? వకీలును అడిగి చెప్తరా?" అన్నారు. అవసరం లేదన్నాను. మెజిస్ట్రేటు గారి ముందు కూడా ఇదే చెబుతాను.

మేబెల్ తప్పు లేదు. తెర మీద ఉన్నది చదివింది. రక్తనిధి వాళ్ల తప్పు లేదు. మేము చెప్పిన పేరు కోసం ఆగారు. రాధిక చేసిన అడ్డదారి లేకపోతే ఫోన్ కూడా నా ఎనిమిది వరసలే చదివి పటాన్‌చెరుకు వెళ్లేది, నవనీత గారు బతికేవారు కాదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పుడు కూడా కష్టంగానే ఉంది. వరండాలోంచి ఆమె గొంతు వినిపిస్తే ఇప్పుడు కూడా లోపల మండుతోంది. అసూయ పోయిందని రాయవద్దు.

నాది ఒక విన్నపం. మా సంఘం రికార్డులో జులై 17న 11.08 నుంచి 11.52 వరకు "నడుస్తున్నది: రాధిక" అని ఉంది. ఆ నలభై నాలుగు నిమిషాలు నడిచింది ఆమె కాదు. మా ఆఫీసు నియమం, ఎవరు రాస్తే వాళ్ల పేరే. ఆ చోట ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయించవలసిందిగా కోరుతున్నాను.

పైన ఉన్నదంతా ఎస్.ఐ. గారు నెమ్మదిగా చదివి వినిపించారు. ఒకచోట "పొరపాటున" అని రాసి ఉంటే తీయించాను. మిగిలినది నేను చెప్పినట్టే ఉంది, నేను చెప్పింది జరిగినట్టే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. కింద పేరు నా చేత్తో నేనే రాస్తున్నాను.

కొండూరు స్వర్ణలత
మధ్యాహ్నం 1.12